ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు: విమానయానమున దూరము, కాలము

దూరమును వేగముతో భాగించినచో కాలము వచ్చును. ఉన్నత పాఠశాలలో చదువుచున్న ప్రతి విద్యార్థికిని ఈ సూత్రము కంఠస్థమే. నడచు మనిషికిని, ఎద్దుబండికిని, రైలుబండికిని ఇది చక్కగ సరిపోవును. దారి పెరిగినచో కాలము పెరుగును. దారి తగ్గినచో కాలము తగ్గును. ఇందులో సందేహింపదగిన దేమియు లేదని తోచును.

ఇట్టి నమ్మకమునకు విరుద్ధముగ కనిపించు సంగతి యొకటి 2016 లో జరిగినది. అంతకు ముందు, 2015 డిసెంబరులో, ఎయిర్ ఇండియా సంస్థ ఢిల్లీనుండి అమెరికా పశ్చిమతీరమందలి శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు నడుమ ఎక్కడను ఆగని విమానమును ప్రారంభించెను. ఆ విమానము పడమటికి బయలుదేరి, ఐరోపా మీదుగ, అట్లాంటిక్ మహాసముద్రము దాటి పోవుచుండెను. ఆ దారి పొడవు సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరు 16 వ తేదీన అదే సంస్థ దారి మార్చెను. విమానము తూర్పుముఖముగ బయలుదేరి, చైనా, జపానుల మీదుగ పసిఫిక్ మహాసముద్రము దాటి శాన్ ఫ్రాన్సిస్కో చేరెను. ఈ క్రొత్త దారి పొడవు సుమారు 15,300 కి.మీ. పట్టిన కాలము 14½ గంటలు. అనగా దూరము 1,400 కి.మీ. పెరిగినది, కాలము మాత్రము మునుపటికంటె దాదాపు రెండు గంటలు తగ్గినది!

హైదరాబాదునుండి విశాఖపట్నమునకు పోవుటకు బెజవాడ మీదుగ పోయినను, మరియొక చుట్టుదారిన పోయినను, చుట్టుదారియే త్వరగ చేర్చునని యెవరైన చెప్పిన మనము నమ్ముదుమా? మరి ఆకాశమున ఇది యెట్లు సాధ్యమైనది? సూత్రమే తప్పా? తప్పు కాదు. సూత్రములోని ‘దూరము’ అను మాటకు ఏ దూరమని, ‘వేగము’ అను మాటకు దేనినిబట్టి కొలిచిన వేగమని ప్రశ్నించుకొనవలెను. ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకినచో చిక్కు దానంతటదియే విడిపోవును.

గోడపటము చేయు మోసము

తరగతి గోడకు వ్రేలాడు ప్రపంచపటము బల్లపరుపుగ నుండును. భూమియో గుండ్రనిది. నారింజపండు తొక్కను చింపకుండ, సాగదీయకుండ బల్లమీద పరచుట యెట్లు అసాధ్యమో, భూగోళమును పటముపై ఉన్నదున్నట్లు చూపుటయు అట్లే అసాధ్యము. సాధారణపు గోడపటములో ధ్రువములకు చేరువైన భూభాగములు అడ్డముగ సాగి పెద్దవిగ కనిపించును. కాబట్టి పటముపై బద్ద నుంచి గీచిన తిన్నని గీత భూమిపై మిక్కిలి దగ్గర దారి కానేరదు.

ఒక దృష్టాంతము చూతము. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు, అలాస్కాలోని ఆంకరేజి, రెండును ఇంచుమించు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నవి. వాని రేఖాంశముల మధ్య భేదము దాదాపు 180 డిగ్రీలు. అనగా భూమికి ఒకటి ఈ ప్రక్కను, మరియొకటి ఆ ప్రక్కను కలవు. భూమధ్యరేఖపై ఒక డిగ్రీ రేఖాంశము సుమారు 111 కి.మీ. 60 డిగ్రీల అక్షాంశమున అది అందులో సగము, అనగా 55½ కి.మీ. కాబట్టి అక్షాంశము వెంబడి తూర్పునకు తిన్నగ పోయినచో 180 డిగ్రీలకు సుమారు 10,000 కి.మీ. అగును. అట్లుగాక ఉత్తరధ్రువము మీదుగ పోయినచో, ఈవల 30 డిగ్రీలు, ఆవల 30 డిగ్రీలు, మొత్తము 60 డిగ్రీలు. వీనిని 111 తో గుణించిన 6,660 కి.మీ. మాత్రమే. పటములో ‘తిన్నని’ దారికన్న ‘మీదికెక్కి దిగు’ దారి 3,300 కి.మీ. తక్కువ!

గోళముపై రెండు బిందువుల నడుమ మిక్కిలి దగ్గర దారి కనుగొనుటకు తేలిక ఉపాయము కలదు. భూగోళపు నమూనాపై ఆ రెండు స్థలములను తాకునట్లు ఒక దారమును బిగువుగ పట్టవలెను. దారము ఏ స్థలముల మీదుగ పోవునో అదియే దగ్గర దారి. ఆ దారమును అట్లే పొడిగించినచో అది గోళమును సరిగ రెండు సమభాగములుగ చేయును. ఇట్టి వృత్తమునకు మహావృత్తమని పేరు. భూమధ్యరేఖ ఒక మహావృత్తము. ఎదురెదురు రేఖాంశములు రెండు కలిసిన మరియొక మహావృత్తమగును. భూమధ్యరేఖ తప్ప తక్కిన అక్షాంశరేఖ లేవియు మహావృత్తములు కావు.

దారము లేకుండ లెక్క

దారము చేయు పనిని త్రికోణమితి మరింత నిర్దుష్టముగ చేయును. రెండు స్థలముల అక్షాంశములు, వాని రేఖాంశముల భేదము తెలిసినచో చాలును. మొదట రెండు అక్షాంశముల సైన్ విలువలను గుణింపవలెను. పిదప ఆ రెండు అక్షాంశముల కోసైన్ విలువలను, రేఖాంశభేదపు కోసైన్ విలువను గుణింపవలెను. ఈ రెండు లబ్ధముల మొత్తము, భూకేంద్రమునొద్ద ఆ స్థలములు చేయు కోణముయొక్క కోసైన్ విలువ యగును.

ఢిల్లీ విమానాశ్రయపు అక్షాంశము 28.57 డిగ్రీల ఉత్తరము, రేఖాంశము 77.10 డిగ్రీల తూర్పు. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయమునకు ఇవి 37.62 డిగ్రీల ఉత్తరము, 122.38 డిగ్రీల పడమర. రేఖాంశములు ఒకటి తూర్పు, ఒకటి పడమర గనుక వానిని కూడవలెను: 199.48. ఇది 180 కి మించినది. కావున 360 నుండి తీసివేయగా 160.52 డిగ్రీలు.

సైన్ విలువలు 0.478, 0.610. వీని లబ్ధము 0.292. కోసైన్ విలువలు 0.878, 0.792, వీని లబ్ధము 0.695. 160.52 డిగ్రీల కోసైన్ విలువ ఋణసంఖ్య, –0.943. దీనితో 0.695 ను గుణించిన –0.656 వచ్చును. 0.292 తో కూడగా –0.364. కోసైన్ విలువ –0.364 గల కోణము దాదాపు 111⅓ డిగ్రీలు.

ఈ కోణమును దూరముగ మార్చుటకు నావికుల కొలత మిక్కిలి అనుకూలము. డిగ్రీలో అరువదియవ వంతు నిమిషము. భూకేంద్రమునొద్ద ఒక నిమిషపు కోణము చేయు భూతలదూరమునే నావికమైలు అందురు. నేడు దానిని 1,852 మీటర్లుగ నిర్ణయించినారు. 111⅓ డిగ్రీలకు 6,680 నిమిషములు. కాబట్టి దూరము 6,680 నావికమైళ్లు. కిలోమీటర్లలో సుమారు 12,370. భూమి పూర్తిగ గుండ్రనిది కాక ధ్రువములవద్ద కొంచెము నొక్కుకొని యుండుటచే ఈ లెక్కలో స్వల్పభేదము రాగలదు. కాని అది శాతములో సగము కూడ నుండదు.

ఇప్పుడు మూడు అంకెలు మన యెదుట నున్నవి. మహావృత్తదూరము 12,370 కి.మీ. అట్లాంటిక్ దారి 13,900 కి.మీ. పసిఫిక్ దారి 15,300 కి.మీ. విమానము అన్నిటికన్న దగ్గరదైన మొదటి దారిని పోక, తక్కిన రెంటిని ఏల పోయినది?

దగ్గర దారిలోని అడ్డంకులు

ఢిల్లీనుండి ఈ మహావృత్తము ఉత్తరమునుండి 16½ డిగ్రీలు మాత్రమే తూర్పునకు వాలి బయలుదేరును. హిమాలయములు, టిబెట్టు పీఠభూమి పశ్చిమభాగము, చైనాలోని షిన్‌జియాంగ్, ఆపైన సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రముపై 75½ డిగ్రీల అక్షాంశమువరకు పోయి, మరల దిగి అలాస్కా మీదుగ అమెరికా చేరును. ఎత్తైన పర్వతములను దాటుట విమానమునకు కష్టము కాదు. పది పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున అది పోవుచుండును. కష్టము మరియొకచోట కలదు.

ఆ యెత్తున గాలి మిక్కిలి పలుచన. ప్రయాణికులు ఊపిరి తీయుటకై విమానములోపల గాలిని ఒత్తిడితో నింపి యుంతురు. ఏ కారణముచేతనైన ఆ యొత్తిడి పోయినచో, తలపైనుండి జారి వచ్చు ప్రాణవాయువు తొడుగులు ప్రయాణికులకు సామాన్యముగ కొన్ని నిమిషముల కాలమే ఆధారము. ఆ లోపల చోదకుడు విమానమును సుమారు 3,000 మీటర్ల ఎత్తునకు దింపవలెను. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు! అచట దిగుటకు చోటెక్కడ? కాబట్టి ప్రయాణికుల విమానములు ఆ ప్రాంతమును చాలవరకు తప్పించుకొని పోవును. పటముపై నున్న దగ్గర దారికన్న లోపలివారి ప్రాణములు ముఖ్యము.

రెండవ నియమము ఇంజన్లకు సంబంధించినది. ఈ దారిన నడచిన బోయింగ్ 777 విమానమునకు రెండే ఇంజన్లు. ఒకటి చెడినను రెండవదానితో నిర్ణీతకాలములోపల ఏదేని విమానాశ్రయము చేరగలుగునట్లు దారిని ముందే ఏర్పరుపవలెను. మంచుసముద్రముల మీద ఇట్టి ఆశ్రయములు తక్కువ. అచటి చలియు మరియొక చిక్కు. జెట్ విమానములలో వాడు కిరసనాయిలు వంటి ఇంధనములో ఒక సామాన్యరకము సున్నకు దిగువ 47 డిగ్రీల సెల్సియసు వద్ద గడ్డకట్ట నారంభించును. ధ్రువప్రాంతపు ఆకాశమున అంతకన్న మించిన చలి యుండవచ్చును.

అయినను తగిన సన్నాహముతో ఆ దారిన పోవచ్చును. 2021 జనవరి 9 న శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, జనవరి 11 న బెంగుళూరు చేరిన ఎయిర్ ఇండియా విమానము ఉత్తరధ్రువము మీదుగ వచ్చెను. దానిని నడపినవారందరును మహిళలే; వారికి కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వము వహించెను. ఆ రెండు నగరముల నడుమ మహావృత్తదూరము దాదాపు 14,000 కి.మీ. పైని చెప్పిన పద్ధతిని విద్యార్థులు దీనిని లెక్కించి చూచుకొనవచ్చును.

మూడవ అడ్డంకి ప్రకృతిది కాదు, రాజ్యములది. ఏ దేశపు ఆకాశమున పోవలెనన్నను ఆ దేశపు అనుమతి కావలెను. 1983 లో ఫిన్లాండు దేశపు ఫిన్ ఎయిర్ సంస్థ హెల్సింకీనుండి టోక్యోకు నేరుగ విమానము ప్రారంభించినపుడు, సోవియట్ ఆకాశమున పోవు వీలు లేక ఉత్తరధ్రువము చుట్టి పోవలసి వచ్చెను. పిదప సైబీరియా దారి తెరువబడి ఆ ప్రయాణము సుమారు 9½ గంటలకు తగ్గెను. 2022 లో ఉక్రెయిన్ యుద్ధము కారణముగ రష్యా ఆకాశము మరల మూతపడగా, అదే సంస్థ మరల ధ్రువపు దారి పట్టెను. ప్రయాణము సుమారు 13 గంటలకు పెరిగెను. నగరములు కదలలేదు; భూమి పెరుగలేదు. అయినను వాని నడుమ విమానదూరము మారినది!

గాలిలో వేగము, నేలపై వేగము

ఇక రెండవ ప్రశ్న: వేగము దేనినిబట్టి కొలిచినది?

గోదావరిలో పడవ నడుపువానికి ఈ విషయము మనకన్న బాగుగ తెలియును. అతడు గంటకు 6 కి.మీ. వేగముతో తెడ్డు వేయగలవాడనుకొందము. ప్రవాహవేగము గంటకు 2 కి.మీ. అయినచో, వాలుకు పోవునపుడు ఒడ్డునబట్టి చూచిన అతని వేగము 8 కి.మీ.; ఎదురు పోవునపుడు 4 కి.మీ. అతని శ్రమ రెండుసారులును ఒకటే. విమానమునకు గాలియే నది. ఇంజను విమానమును గాలిలోనుండి ముందునకు త్రోయును. ఆ గాలి మొత్తము విమానమును తనతోపాటు మోసికొని పోవును. గాలినిబట్టి కొలిచినది వాయువేగము. నేలనుబట్టి కొలిచినది భూవేగము. మన సూత్రమున వేయవలసినది భూవేగము.

బోయింగ్ 777 సామాన్యముగ ధ్వనివేగములో 84 శాతము వేగముతో పోవును. 11 కిలోమీటర్ల ఎత్తున, సున్నకు దిగువ 56 డిగ్రీల చలిలో, ధ్వనివేగము గంటకు సుమారు 1,062 కి.మీ. అందులో 84 శాతము సుమారు 890 కి.మీ. ఇది వాయువేగము. గాలి పూర్తిగ నిలిచియున్నచో అట్లాంటిక్ దారికి 15.6 గంటలు, పసిఫిక్ దారికి 17.2 గంటలు పట్టవలెను. అనగా పసిఫిక్ దారి ఒకటిన్నర గంటకు పైగా నష్టపోవలెను.

జరిగినదేమి? పసిఫిక్ దారిలో 15,300 కి.మీ.ను 14½ తో భాగించిన సగటు భూవేగము గంటకు 1,055 కి.మీ. అట్లాంటిక్ దారిలో 13,900 కి.మీ.ను సుమారు 16½ గంటలతో భాగించిన 842 కి.మీ. మొదటిది వాయువేగముకన్న 165 కి.మీ. ఎక్కువ, రెండవది 48 కి.మీ. తక్కువ. తూర్పునకు పోయిన విమానమును గాలి వెనుకనుండి నెట్టినది; పడమటికి పోయినదానికి ఎదురు నిలిచినది. సూత్రము చెక్కుచెదరలేదు.

ఆకాశమందలి నది

ఇంతటి గాలి ఎచటినుండి వచ్చినది? ఉష్ణమండలపు గాలి వేడిచే వ్యాకోచించును. ధ్రువప్రాంతపు గాలి చలిచే సంకోచించును. అందువలన ఎత్తునకు పోయినకొలది, ఉష్ణప్రాంతముపై పీడనము ధ్రువప్రాంతముపై పీడనముకన్న అధికమగుచుండును. ఈ భేదముచే పైగాలి ధ్రువమువైపు పోజూచును. కాని భూభ్రమణమువలన ఉత్తరార్ధగోళమున చలించు వస్తువు కుడివైపునకు మరలును. దీనికి కోరియోలిస్ ఫలితమని పేరు. ఉత్తరమునకు పోజూచు గాలి కుడికి మరలి, పడమటినుండి తూర్పునకు వీచు గాలి యగును. వేడి, చలి ప్రాంతముల నడుమ భేదము తీవ్రముగ నున్నచోట ఈ గాలి సన్నని, వేగవంతమైన ప్రవాహముగ ఏర్పడును. దీనినే జెట్ ప్రవాహమందురు. ఇది సామాన్యముగ 9 నుండి 16 కి.మీ. ఎత్తున ఉండును. దీని వెడల్పు కొన్ని వందల కిలోమీటర్లు, మందము కొన్ని కిలోమీటర్లు మాత్రమే. శీతకాలమున జపాను పైభాగమున దీని వేగము ఒక్కొక్కప్పుడు గంటకు 300 కి.మీ. మించును.

దీనిని మొదట శ్రద్ధతో పరిశీలించినవారిలో జపాను శాస్త్రజ్ఞుడు వసాబురో ఓయిషి ముఖ్యుడు. 1920–30 దశకమున తతేనో పరిశోధనాలయమునుండి అతడు గాలిబూరలను వదలి, వానిని దూరదర్శినితో వెంబడించి, పైగాలుల వేగమును కొలిచెను. ప్రపంచమంతటికిని తెలియవలెనని తన ఫలితములను 1926 లో ఎస్పెరాంటో భాషలో ప్రకటించెను. అన్ని దేశములకు ఉమ్మడి భాషగ కల్పింపబడిన ఆ భాషను చదువగలవారు కొద్దిమందియే. అందుచే ఆ గొప్ప సంగతి చాలకాలము మరుగున పడియుండెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1944–45 లో, జపానువారు ఇదే గాలిపై ఆధారపడి బాంబులు కట్టిన బూరలను వేలకొలదిగ పసిఫిక్ మీదుగ అమెరికాకు వదలిరి. అదే యుద్ధకాలమున జపాను వైపు ఎగిరిన అమెరికా విమానములకును ఈ గాలి తాకిడి అనుభవమునకు వచ్చెను.

విద్యార్థులు తరచుగ అడుగు ప్రశ్న యొకటి కలదు. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గదా. భూమధ్యరేఖవద్ద ఆ వేగము గంటకు 1,670 కి.మీ. విమానము పైకి లేచి ఊరకున్నచో, శాన్ ఫ్రాన్సిస్కోయే దాని క్రిందికి రాదా? రాదు. భూమితోపాటు వాయుమండలమును తిరుగుచున్నది. నేలపై నిలిచిన విమానమునకును ఆ వేగమే కలదు. పోవుచున్న రైలులో ఎగిరిన పిల్లవాడు మరల తానున్నచోటనే దిగుట మనము చూచుచున్నాము గదా. భూభ్రమణము విమానముపై చూపు ముఖ్యప్రభావము పైని చెప్పిన గాలుల ద్వారముననే.

జెట్ ప్రవాహపు బలమునకు మరియొక నిదర్శనము. 2020 ఫిబ్రవరి 8, 9 తేదీల నడిరేయి న్యూయార్కునుండి లండనుకు పోయిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానము ఆ ప్రయాణమును 4 గంటల 56 నిమిషములలో ముగించెను. ఒక దశలో దాని భూవేగము గంటకు 1,300 కి.మీ. దాటెను. ఇది ఆ యెత్తున ధ్వనివేగముకన్న మిన్న. అయినను విమానము ధ్వనివేగమును మించలేదు. ఏలయన దాని వాయువేగము ఎప్పటివలెనే యున్నది. ధ్వనియు గాలిలోనే గదా ప్రయాణించునది!

పోవునపుడు కలిసి వచ్చిన గాలి తిరిగి వచ్చునపుడు ఎదురై, లాభనష్టములు సరిపోవునని కొందరు తలంతురు. అదియు నిజము కాదు. దూరము 9,000 కి.మీ., వాయువేగము 900 కి.మీ., గాలివేగము 100 కి.మీ. అనుకొందము. పోవుటకు 9,000 ను 1,000 తో భాగించిన 9 గంటలు. వచ్చుటకు 9,000 ను 800 తో భాగించిన 11¼ గంటలు. మొత్తము 20¼ గంటలు. గాలి లేనిచో 20 గంటలే. ఎదురుగాలిలో గడపు కాలము ఎక్కువ గనుక నష్టము లాభమును మించును. కాని ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల విషయమున ఒక విశేషము కలదు. ఇవి భూమికి ఇంచుమించు ఎదురెదురు ప్రక్కల నున్నవి. పోవునపుడు పసిఫిక్ మీదుగ తూర్పునకు పోయి, వచ్చునపుడు అట్లాంటిక్ మీదుగ తూర్పునకే వచ్చినచో, రెండుసారులును గాలి వెనుకనుండియే వీచును. పోకరాకలు కలిసి భూప్రదక్షిణమగును!

ప్రతిదినమును క్రొత్త లెక్క

జెట్ ప్రవాహము గట్టులు గల నది కాదు. అది నేడున్నచోట రేపుండదు. వేసవిలో బలహీనపడి ఉత్తరమునకు జరుగును. శీతకాలమున బలపడి దక్షిణమునకు వచ్చును. కావున చలికాలమున లాభమిచ్చిన దారి వేసవిలో లాభమీయకపోవచ్చును. విమానము బయలుదేరుటకు ముందు, ఆనాటి వాతావరణసూచనలనుబట్టి, ఎత్తునెత్తునకును గాలి యెట్లున్నదో చూచి, అన్నిటికన్న తక్కువ కాలము పట్టు దారిని యంత్రగణకములతో లెక్కింతురు. గాలి వీచుచున్న ఆకాశమున రెండు స్థలముల నడుమ అల్పకాలపు దారి యేది అను ప్రశ్నను జర్మను గణితశాస్త్రజ్ఞుడు ఎర్నస్ట్ జెర్మెలో 1931 లోనే గణితసమస్యగ పరిశీలించెను. గాలి లేనిచో సమాధానము మహావృత్తము. గాలి యున్నచో వంకరదారి.

ఇది వట్టి గణితవినోదము కాదు. పైని చెప్పిన 777 రకపు విమానము నింపుకొనగల ఇంధనము సుమారు 1,81,000 లీటర్లు. ఆ ఇంధనము కాలి గంటగంటకు తరుగుచుండును. రెండు గంటల కాలము మిగులుటయన్న టన్నులకొలది ఇంధనము మిగులుట. అంతమేరకు పొగయు తగ్గుట. ఎదురుగాలి అనుకొన్నదానికన్న బలముగ వీచినచో, గమ్యము చేరక నడుమ దిగి ఇంధనము నింపుకొనవలసి వచ్చును.

గడియారపు కాలము

బయలుదేరిన వేళను చేరిన వేళనుండి తీసివేసి ప్రయాణకాలము చెప్పబోవువాడు ఇక్కడ మోసపోవును. ఒక విమానము ఢిల్లీలో ఆదివారము తెల్లవారుజామున 4 గంటలకు లేచి, 14½ గంటలు ఎగిరినదనుకొందము. చేరునప్పటికి ఢిల్లీలో ఆదివారము సాయంకాలము 6½ గంటలు. అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో గడియారము మనకన్న 12½ గంటలు వెనుక నుండును. శీతకాలమున 13½ గంటలు. కాబట్టి అచట ఆదివారము ఉదయము 6 గంటలే. గడియారములను చూచినవానికి ప్రయాణము రెండే గంటలు పట్టినట్లు తోచును! నడుమ పసిఫిక్‌లోని అంతర్జాతీయ దినరేఖ దాటునపుడు ఆదివారము శనివారముగ మారి, మరల ఆదివారమగును. 1522 లో పడమటిదారిన భూప్రదక్షిణము ముగించి వచ్చిన మాజెల్లాను అనుచరులు, తాము తప్పక వ్రాసికొన్న దినములలో ఒకటి లోపించుట చూచి ఆశ్చర్యపడిరి. వారు పడమటికి పోయి ఒక దినము పోగొట్టుకొనిరి. తూర్పునకు పోవువారికి ఒక దినము రెండుసారులు వచ్చును. అమెరికాలోని పిల్లలను చూడబోవు తెలుగునాటి తల్లిదండ్రులకు ఈ చిక్కు నేడు అనుభవములోనిదే.

కావున ప్రయాణకాలము తెలియుటకు రెండు వేళలను మొదట ఒకే గడియారమునకు మార్చుకొని, పిదప తీసివేత చేయవలెను.

మరియొక చిన్న సంగతి. హైదరాబాదునుండి ఢిల్లీకి ఆకాశదూరము సుమారు 1,260 కి.మీ. గంటకు 890 కి.మీ. చొప్పున గంటా ఇరువదియైదు నిమిషములు చాలవలెను. కాలపట్టికలో రెండు గంటలకు పైగా చూపుదురు. విమానము కదలినది మొదలు ఆగువరకు గల కాలమును పట్టికలో వేయుటయే ఇందుకు కారణము. నేలపై దొరలుట, మెల్లగ పైకెక్కుట, దిగుటకు ముందు వంతుకై వేచియుండుట, ఇవన్నియు అందులో చేరును. దగ్గర ప్రయాణములలో ఈ భాగము పెద్దది; దూరప్రయాణములలో అల్పము.

తరగతిలో చేయదగినది

ఉపాధ్యాయులు ఒక భూగోళపు నమూనా, ఒక దారము తీసికొని ఈ పాఠమును ప్రత్యక్షముగ చూపవచ్చును. ముందుగ భూమధ్యరేఖ చుట్టును దారము చుట్టి, ఆ పొడవు 40,000 కి.మీ.కు సమానమని గుర్తింపవలెను. పిదప ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దారమును బిగించి పొడవు కొలిచి, అనుపాతముచే దూరము కనుగొనవలెను. అది 12,000 కి.మీ.కు కొంచెము పైగా వచ్చును. తరువాత అదే దారమును జపాను మీదుగ పోనిచ్చి, ఎంత పెరిగినదో చూడవలెను. విద్యార్థులచే రెండు దారులకును గాలి లేనపుడు, గాలి యున్నపుడు కాలము లెక్కింపజేయవలెను.

అపుడు వారు సూత్రమును మునుపటివలెనే వ్రాయుదురు: దూరమును వేగముతో భాగించినచో కాలము వచ్చును. కాని ‘దూరము’ అని వ్రాయునపుడు భూమి గుండ్రనిదని, ‘వేగము’ అని వ్రాయునపుడు గాలి కదలుచున్నదని, ‘కాలము’ అని వ్రాయునపుడు గడియారములు ఊరూరికి వేరని వారికి జ్ఞప్తికి వచ్చును.